మా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ప్రసారం ఎవరూ చూడట్లేదు, మూసేద్దామంటున్నారు. ఏం చేయాలి?

రఘు_పెన్సిల్వేనియా
మాది గుంటూరు. నా భార్య యూదు కుటుంబంలో పుట్టింది, నేను పెళ్ళికి ముందే ఆ మతం తీసుకున్నాను. పెన్సిల్వేనియాలో చిన్న ఊరు మాది. ఇక్కడి సినగాగ్‌లో దాదాపు తొంభై కుటుంబాలుంటాయి, కన్సర్వేటివ్ శాఖ (సంప్రదాయానికీ మార్పుకీ మధ్య దారి). కంప్యూటర్ పని తెలిసినవాణ్ణని ఆన్‌లైన్ వ్యవహారమంతా నాకు అప్పగించారు. 2020లో తలుపులు మూసినప్పుడు శుక్రవారం సాయంత్రం జూమ్‌లో అరవై డెబ్భై మంది కనపడేవాళ్ళు. ఇప్పుడు ప్రసారం పెడితే ఆరుగురు. ఫేస్‌బుక్ పేజీలో అన్నీ పండగ శుభాకాంక్షల బొమ్మలే, వాటికి లైకులు కొట్టేది కూడా కమిటీ వాళ్ళే.

మొన్న యోమ్ కిప్పూర్ (మాకు ఏడాదిలో అతి పవిత్రమైన ఉపవాస దినం) రోజు యిజ్‌కోర్ మధ్యలో ప్రసారం ఆగిపోయింది. చనిపోయిన మన వాళ్ళను తలుచుకునే ప్రార్థన అది. ఆ రోజు మేం కంప్యూటర్ ముట్టుకోకూడదు కాబట్టి ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. ఒక పెద్దావిడ ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూస్తోందట, భర్త పోయిన మొదటి సంవత్సరం. పండగ అయ్యాక ఫోన్ చేసి ఏడ్చింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కమిటీలో ఇప్పుడు "మూసేద్దాం, వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు" అంటున్నారు. నాకు మూయాలని లేదు, కానీ ఇలాగే నడపడమూ ఇష్టం లేదు. ఇక్కడ రకరకాల దేశాల్లో ఉన్నవాళ్ళున్నారు కదా, మీకు తెలిసింది చెప్పండి.

కోడ్_కామేశం
రఘు అన్నా, గంటన్నర ప్రార్థన ఎవరు చూస్తారు చెప్పు. అందులోంచి నిమిషం ముక్కలు కోసి రీల్స్ పెట్టు. మీ మతగురువు రబ్బీ గారు సూటిగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి, కింద అక్షరాలు పడాలి. మీ ఊరికి ఇరవై మైళ్ళ లోపు నెలకు కొంచెం డబ్బు పెట్టి యాడ్ నడుపు. మూడు నెలల్లో తేడా కనపడుతుంది.

టీనెక్_సుబ్బు
కామేశం, అది బిర్యానీ హోటల్‌కి పనికొస్తుంది. యూదులు మతంలోకి రమ్మని బయటివాళ్ళను పిలవరు. లక్ష మంది చూసినా ఆ తొంభై కుటుంబాల్లో ఒక్కరూ చూడకపోతే వాళ్ళకేం లాభం?

నేను న్యూజెర్సీ టీనెక్‌లో ఒక ఆర్థడాక్స్ (నియమాలు గట్టిగా పాటించే శాఖ) సినగాగ్ లెక్కలు చూస్తాను (నేను యూదుణ్ణి కాను). అక్కడ శనివారం (షబ్బాత్, పని చేయకూడని విశ్రాంతి రోజు) ప్రసారమే లేదు, ఫోన్లు కూడా ఇంట్లో వదిలి వస్తారు. మిగతా ఆరు రోజులు మాత్రం ఆన్‌లైన్‌లో వాళ్ళంత చురుగ్గా ఉండేవాళ్ళను నేను చూడలేదు. పొద్దున్నే వాట్సాప్‌లో రబ్బీ ఆడియో, మధ్యాహ్నం పాఠం, ఎవరింట్లో బిడ్డ పుడితే ఆ ఇంటికి ఏ రోజు ఎవరు భోజనం పంపుతారో ఆన్‌లైన్ షీటు. తాల్మూడ్ (యూదుల ధర్మచర్చల గ్రంథం) రోజుకొక పత్రం చదివే దఫ్ యోమి చాలామంది రైల్లో చెవిలో పెట్టుకుని వింటారు. 1923లో మొదలైన పద్ధతి, మొత్తం 2711 పత్రాలు, పూర్తవడానికి ఏడున్నరేళ్ళు. ఇప్పటి విడత 2020 జనవరిలో మొదలైంది. ఒకసారి దాంట్లో పడితే రోజూ వింటారు. ప్రసారం గురించి కాకుండా ఆ ఆరు రోజుల గురించి ఆలోచించండి రఘు గారూ.

నిదానం
ఒక అనుమానం. రఘు మతం మారకపోయుంటే ఆ రోజు ఆయనే వెళ్ళి కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేయొచ్చా? యూదులు కాని పనివాళ్ళు చేయొచ్చని ఎక్కడో విన్నాను.

రఘు_పెన్సిల్వేనియా
@నిదానం, అనుకున్నంత తేలిక కాదు. మనం చేయకూడని పని ఇంకొకరికి పురమాయించి చేయించుకోవడం మీద కూడా నియమాలున్నాయి. అందుకే శుక్రవారం పొద్దు గుంకక ముందే అన్నీ పెట్టేసి, దానంతట అది మొదలై దానంతట అది ఆగేలా చేస్తాం. 2020 మేలో మా శాఖ ధర్మ కమిటీ షబ్బాత్ ప్రసారాల మీద ఇచ్చిన తీర్పు కూడా ముందుగా అమర్చిపెట్టుకోవడం వైపే మొగ్గింది.

సుబ్బు గారూ, మీ మాట గుచ్చుకుంది, కానీ నిజమే. ఆ ఆరుగురు ఎవరో నాకు ఇప్పటిదాకా తెలీదు. అంకె చూస్తున్నాను తప్ప పేర్లు అడగలేదు.

జగిత్యాల_లక్ష్మి_హైఫా
రఘు తమ్ముడూ, నేను తొమ్మిదేళ్ళుగా ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని చేస్తున్న. మన నిజామాబాద్, జగిత్యాల వాళ్ళు ఇక్కడ ఈ పనిలో చాలామంది ఉన్నారు. నేను చూసుకునే సవ్తాకు (అమ్మమ్మను ఇక్కడ అట్ల పిలుస్తారు) ఇప్పుడు 91. ప్రతి శుక్రవారం దీపాలు ముట్టించే టైముకు అరగంట ముందు నేను ట్యాబ్లెట్ తెచ్చి ముందు పెడ్తా. కొడుకు టొరంటోలో, మనవరాలు బెర్లిన్‌లో. ముగ్గురూ కలిసి ఒక్క పాట పాడుకుంటారు, తర్వాత ఆమె అందరి నెత్తి మీద చేయి పెట్టినట్టు తెర మీద చేయి పెట్టి దీవిస్తది. పావుగంట కూడా పట్టదు. కాల్ అయిపోయినాక దీపాలు. మామూలుగా పొద్దు గుంకడానికి 18 నిమిషాల ముందు ముట్టిస్తారు, మా హైఫాలో 30, జెరూసలేంలో 40 నిమిషాల ముందు. దీపం వెలిగినాక ట్యాబ్లెట్ అల్మారలోకి పోతది, రేపు చుక్కలు వచ్చేదాకా బయటికి రాదు. మా సవ్తా వారమంతా ఎదురుచూసేది ఆ పావుగంట కోసమే. గంటన్నర ప్రార్థన పెడ్తే పది నిమిషాల్లో నిద్రపోతది.

2020 పస్కా నాడు ఇక్కడ కర్ఫ్యూ. ముసలివాళ్ళు ఒంటరిగా పస్కా రాత్రి సెడెర్ భోజనానికి కూర్చోవద్దని పద్నాలుగు మంది సెఫర్దీ (స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా మూలాలున్న) రబ్బీలు ఒక పత్రం రాసిండ్రు, ఈ ఒక్కసారికి పండగ మొదలవకముందే జూమ్ పెట్టుకుని అట్లనే వదిలేసుకోవచ్చని. చీఫ్ రబ్బీలు ఒప్పుకోలేదు, పెద్ద గొడవ అయింది. మా ఇంట్ల కూడా రెండు రోజులు వాదులాట, చివరికి పెట్టలేదు. మందిరం నుంచి ఒక పిల్లాడు గేటు బయట నిలబడి, ఆ భోజనం అప్పుడు పిల్లలు పాడే నాలుగు ప్రశ్నల పాట గట్టిగా పాడిపోయిండు. సవ్తా ఇప్పటికీ ఆ పిల్లాని పేరు చెప్తది. నువ్వు ఆ పెద్దావిడకు ఫోన్ చేసినవా?

రఘు_పెన్సిల్వేనియా
ఆవిడే చేసింది అక్కా. నేను క్షమాపణ చెప్పి పెట్టేశాను. మళ్ళీ చేయలేదు.

జగిత్యాల_లక్ష్మి_హైఫా
ముందు ఆ పని చెయ్యి. మిగతాది తర్వాత చూద్దాం.

శారద_ఎడిసన్
లక్ష్మి గారు చెప్పింది చదివి కాసేపు ఆగిపోయాను. మా పక్కింటి వాళ్ళు యూదులు. వాళ్ళ నాన్నగారు పోయిన రోజు ప్రతి ఏడూ 24 గంటల దీపం పెడతారు, యార్‌జైట్ అంటారు. మన తద్దినంలాగే అది తిథిని బట్టి, ఇంగ్లీషు తారీఖును బట్టి కాదు. వాళ్ళదీ చాంద్రమానమే, మనకు అధిక మాసం వచ్చినట్టే వాళ్ళకూ 19 ఏళ్ళలో ఏడుసార్లు అదనపు అదార్ నెల వస్తుంది. అందుకే తారీఖు ఏటా జరుగుతూ ఉంటుంది, జనం మర్చిపోతారు. మా పక్కింటాయన ఒక ఏడు మర్చిపోయి ఎంత బాధపడ్డాడో నేను చూశాను.

మీ సినగాగ్ దగ్గర అందరి యార్‌జైట్ తేదీలు ఉంటాయి కదా? వారం ముందు ఒక మెసేజ్ పంపండి: "ఫలానా రోజు సాయంత్రం మీ నాన్నగారి యార్‌జైట్, ఆ రోజు కద్దీష్ (పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన) చెప్పడానికి పదిమంది ఉంటారు, రాగలరా, లేదా లైన్‌లో కలుస్తారా?" హెబ్‌కాల్ అనే యూదు క్యాలెండర్ సైట్‌లో తేదీ పెడితే వచ్చే ఏళ్ళకు కూడా లెక్క కట్టి గుర్తు చేస్తుంది, ఉచితం. ఒక పండగ బొమ్మ వందమందికి పోతుంది. ఈ మెసేజ్ ఒక్కరికే పోతుంది, కానీ ఆ ఒక్కరూ చదువుతారు.

కోడ్_కామేశం
అక్కా ఇది నిజంగా మంచి ఐడియా. షీటులో పేర్లుంటే నేను స్క్రిప్ట్ రాసిస్తాను, డబ్బులొద్దు.

టీనెక్_సుబ్బు
"లైన్‌లో కలుస్తారా" అన్నచోట జాగ్రత్త శారద గారూ. కద్దీష్‌కు పదిమంది కావాలి, మిన్యాన్ అంటారు. ఆర్థడాక్స్ వాళ్ళకు పదిమంది మగవాళ్ళు ఒకే గదిలో ఉండాల్సిందే, తెర మీద ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు.

రఘు_పెన్సిల్వేనియా
మా శాఖలో 2001లోనే రబ్బీ అవ్రమ్ రైస్నర్ రాసిన తీర్పు ఉంది. పదిమంది ఒకచోట చేరాలి, అలా చేరాక దూరంగా ఉన్నవాళ్ళు విని ఆమెన్ చెప్పొచ్చు. 2020 మార్చిలో ఆ కష్టకాలానికని కొంత సడలించారు. మా దగ్గర ఆడవాళ్ళనూ లెక్కపెడతాం కాబట్టి పదిమంది దొరకడం కొంచెం తేలిక, అయినా మంగళవారం సాయంత్రం ఏడుగురే వస్తారు. శారద గారి మాట చదివాక నాకు ఇప్పుడు తోస్తోంది. మూడు ఖాళీలున్నాయని ఆ సాయంత్రం నాలుగింటికి మెసేజ్ పెడితే వచ్చేవాళ్ళు ఉంటారు. "రండి" అని ఊరికే అంటే ఎవరూ కదలరు, "ఇంకా ముగ్గురు తక్కువయ్యారు, లేకపోతే ఆవిడ కద్దీష్ చెప్పుకోలేదు" అంటే వస్తారు.

బైకల్లా_బుజ్జి
అదే మా ముంబైలో జరుగుతుంది. నేను పుట్టి పెరిగింది కామాఠిపురా పక్కన (మన తెలుగు కామాఠీల పేరు మీద వచ్చిన పేటే అది). బైకల్లాలో మాగెన్ డేవిడ్ సినగాగ్ ముందు నుంచే బడికి వెళ్ళేవాణ్ణి. బెనె ఇజ్రాయెల్ (మరాఠీ మాట్లాడే యూదులు) స్నేహితులు చాలామంది ఇజ్రాయెల్‌లోని అష్దోద్‌కో బేర్‌షెబాకో వెళ్ళిపోయారు. ఇక్కడ మిగిలింది తక్కువమంది, పదోవాడి కోసం ఫోన్ల మీద ఫోన్లు. వెళ్ళిపోయినవాళ్ళు వాట్సాప్‌లో ఉంటారు. ఎవరింట్లో మలీదా చేసినా (అటుకులు, కొబ్బరి, పళ్ళు, ఎలియాహూ ప్రవక్తను తలుచుకుంటూ) పళ్ళెం ఫోటో రావాల్సిందే. ఒకసారి నా స్నేహితుడి అమ్మమ్మ మరాఠీలో పాడే పాట ఎవరో ఫోన్లో రికార్డు చేసి పెట్టారు. ఇజ్రాయెల్‌లో ఉన్నవాళ్ళు దానికి వరసలు సరిచేస్తూ ఒక్కొక్కరూ పాడి పంపారు, రెండు రోజులు గ్రూపు నిద్రపోలేదు.

రఘు భాయ్, మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు పాత రాగాలు వచ్చుంటాయి. ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి రికార్డు చెయ్యండి. కలకత్తాలో యూదులు అతి కొద్దిమందే మిగిలారు. వాళ్ళ ఫోటోలూ జ్ఞాపకాలూ జాయెల్ సిల్లిమాన్ ఆన్‌లైన్‌లో పోగుచేసి పెట్టారు. అలాంటివి మనుషులు ఉన్నప్పుడే చేయాలి.

చేబ్రోలు_ప్రసాద్
ఇంతమంది మాట్లాడారు, మన గుంటూరు సంగతి ఎవరూ ఎత్తలేదు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో సమాజ మందిరం ఉంది, బెనె ఎఫ్రాయిము వాళ్ళది. తెలుగు మాట్లాడే యూదులు, కొన్ని పదుల కుటుంబాలు. కూలి పనులకు పోతారు, శనివారం పని మానేస్తారు, ఆ రోజు కూలి పోయినా సరే. నేను వాళ్ళలో వాణ్ణి కాను, పక్క వీధి వాణ్ణి.

రఘు గారూ, మీ ప్రసారం శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలైతే ఇక్కడ శనివారం తెల్లవారుజామున మూడున్నర (చలికాలంలో నాలుగున్నర), అదీ హీబ్రూ ఇంగ్లీషుల్లో. ఎవరికి పనికొస్తుంది? సెఫారియా వెబ్‌సైట్‌లో హీబ్రూ పుస్తకాలు బోలెడున్నాయి, 2017 నుంచి తాల్మూడ్ ఇంగ్లీషు అనువాదం కూడా ఉచితం, నేనూ తిరగేశాను. తెలుగులో చదువుకోవడానికి ఏముంది? మీరు గుంటూరు వారు, ఆ ప్రార్థనలు వచ్చినవారు. రోజుకు ఒక చిన్న ప్రార్థన తెలుగు లిపిలో రాసి, అర్థం తెలుగులో చెప్పి, రెండు నిమిషాల ఆడియో పెడితే ఎంత బాగుంటుంది. మన లిపిలో హీబ్రూ ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల కంటే నయంగా వస్తుంది, "ఖ" కొంచెం గరగరలాడించాలి అంతే. ఒక్క మనవి. కెమెరాలు పట్టుకుని వచ్చి వాళ్ళను వింతగా చూపించి పోయేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. మీరు అడిగి చేయండి, వాళ్ళకేం కావాలో వాళ్ళనే చెప్పనివ్వండి.

రఘు_పెన్సిల్వేనియా
ప్రసాద్ గారూ, సిగ్గుగా ఉంది. మా ఊరికి గంట దూరం, ఒక్కసారి కూడా వెళ్ళలేదు. సంక్రాంతికి వస్తున్నాను, ముందు వచ్చి కలుస్తాను. ఆడియో సంగతి వాళ్ళతో మాట్లాడాకే.

మీరు తెలుగు అన్నారు కాబట్టి ఇంకో సంగతి అడుగుతాను. మా ప్రసారం కింద కామెంట్లలో విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి "షాలోమ్ బ్రదర్, మా కుటుంబం కోసం ప్రార్థన చేయండి" అని వస్తాయి. మంచి మనసుతోనే రాస్తారు. కానీ కొందరు యేసు మీద వచనాలు వరసగా పెడతారు. మా పెద్దవాళ్ళకు అది చాలా బాధ కలిగిస్తుంది, మతం మార్చాలని చూస్తున్నారని. నేను తెలుగువాణ్ణి కాబట్టి మధ్యలో నలిగిపోతున్నాను.

నిదానం
కామెంట్లు మూసెయ్యండి.

శారద_ఎడిసన్
మూసేస్తే ఆ పెద్దావిడ "షబ్బాత్ షాలోమ్" అని రాసుకునే చోటు కూడా పోతుంది. కామెంట్లు మీ సభ్యుల లింకులో ఉంచండి, బయటి ప్రసారంలో తీసేయండి. మనవాళ్ళకు తెలుగులో ఒక మాట పైన పెట్టండి: మీరు రావడం సంతోషం, ఇది మా ఆరాధన, నిశ్శబ్దంగా కూర్చుని చూడండి అని. మన గుడిలోనైనా అతిథికి అలాగే చెప్తాం.

చేబ్రోలు_ప్రసాద్
తెలుగులో చెప్తే వింటారు. నేను హామీ.

వాణి_డాలస్
బయటి ప్రసారం అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. 2022 జనవరి 15న మా పక్కన కాలీవిల్‌లో బెత్ ఇజ్రాయెల్ సినగాగ్‌లోకి తుపాకీతో ఒకడు వచ్చి రబ్బీతో సహా నలుగురిని బందీలు చేశాడు. శనివారం ప్రార్థన ఫేస్‌బుక్‌లో లైవ్ వెళ్తోంది, కొంతసేపు అదంతా అలాగే వినపడింది. పదకొండు గంటల తర్వాత అది ముగిసింది, బందీలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు ఇళ్ళల్లో టీవీల ముందు మేం పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. 2018లో పిట్స్‌బర్గ్‌లో పదకొండు మంది పోయారు, అది మీ రాష్ట్రమే.

అందుకని కెమెరా హాలు వెనక నుంచి, తోరా (పవిత్ర గ్రంథపు చుట్ట) పెట్టే ఆర్క్ అనే బీరువా వైపు మాత్రమే చూడాలి. మనుషుల ముఖాలు, ముఖ్యంగా పిల్లలవి, తలుపులు ఎటున్నాయో కనపడకూడదు. ఎవరింట్లో ఎప్పుడు చేరుతున్నారో పేజీలో పెట్టొద్దు, అది సభ్యుల మెసేజ్‌లోనే ఉండాలి. 2020లో జూమ్‌లోకి దూరి అసహ్యపు బొమ్మలు చూపించినవాళ్ళు గుర్తున్నారు కదా. షబ్బాత్ నాడు ఒక్కొక్కరిని లోపలికి అనుమతించడానికి ఎవరూ ఉండరు, కాబట్టి జూమ్ తలుపు తెరిచి వదిలేయడం కంటే చూడటం మాత్రమే కుదిరే ప్రసారం మేలు.

కోడ్_కామేశం
వాణి గారు చెప్పినవన్నీ ముందే అమర్చొచ్చు. రఘు అన్నా, నీ యిజ్‌కోర్ రోజు అసలు ఏమైంది? కంప్యూటర్ అప్‌డేట్ కోసం దానంతట అదే రీస్టార్ట్ అయిందా?

రఘు_పెన్సిల్వేనియా
అదే. తర్వాత చూస్తే తెలిసింది.

కోడ్_కామేశం
అయితే కంప్యూటర్ తీసేయ్. కెమెరా నుంచి నేరుగా పంపే చిన్న ఎన్‌కోడర్ పెట్టె పెట్టు. వైఫై కాదు, వైరు. కరెంటు పోతే నిలబడేలా చిన్న యూపీఎస్. బుధవారం ఒకసారి మొత్తం మూడు గంటలు ఉత్తినే నడిపి చూడు, గురువారం సరిచెయ్యి, శుక్రవారం ఏమీ మార్చకు. రీల్స్ అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. న్యూయార్క్ సెంట్రల్ సినగాగ్ ప్రసారం చూశాను, సినిమాలా ఉంది, కానీ వాళ్ళు రిఫార్మ్ శాఖ, శనివారం కూడా కెమెరా మనుషులు పనిచేయొచ్చు. నీకు ఆ పోలిక వద్దు.

బైకల్లా_బుజ్జి
పిల్లల సంగతి ఎవరూ అనలేదు. ముంబైలో బార్ మిత్స్వా (పదమూడేళ్ళకు పెద్దవాడైనట్టు చేసే వేడుక) పిల్లాడికి వాడి తోరా భాగం రాగంతో సహా రికార్డు చేసి ఫోన్లో పంపుతారు, వాడు బస్సులో వింటూ నేర్చుకుంటాడు.

రఘు_పెన్సిల్వేనియా
మా దగ్గర కూడా పంపుతారు, కానీ రబ్బీ గొంతే. ఇప్పుడు బుజ్జి భాయ్ మాటతో ఆలోచన వచ్చింది. ఆ పెద్దావిడ భర్త నలభై ఏళ్ళు మా దగ్గర తోరా చదివారు.

జగిత్యాల_లక్ష్మి_హైఫా
ఫోన్ చేసినవా లేదా?

రఘు_పెన్సిల్వేనియా
రెండు వారాలు కనపడలేదు, క్షమించండి. అక్కా, చేశాను. ఫోన్ కాదు, వెళ్ళాను. మూడు గంటలు కూర్చోబెట్టింది. ప్రసారంలో ఆరుగురు కనపడుతున్నారు కదా, అందులో ఒక చోట ఆవిడతో పాటు అదే భవనంలో ఉన్న ఇంకో నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుంటారట. లిఫ్ట్ సరిగ్గా పనిచేయదు కాబట్టి బయటికి రాలేరు. నేను ఆరు అనుకున్నది కనీసం పది. కమిటీకి అది చెప్పాను, మూసే మాట ప్రస్తుతానికి ఆపారు.

ఆవిడ దగ్గర భర్త చదివిన క్యాసెట్లు ఒక షూ డబ్బా నిండా ఉన్నాయి. 1980ల నుంచి, ఇంట్లో సాధన చేసుకున్నవి. ఈ వసంతంలో బాత్ మిత్స్వా అయ్యే అమ్మాయికి ఆయన గొంతులో అదే భాగం దొరికింది. ఆ అమ్మాయి ఆదివారం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని విన్నది.

గురువారాల్లో ఇలా ఇంట్లోనే ఉండిపోయిన పెద్దవాళ్ళకు ఫోన్ చేయడానికి ఐదుగురు ఒప్పుకున్నారు. యార్‌జైట్ షీటు కామేశానికి పంపాను. పాత కాగితాల్లో పేర్లు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉన్నాయి, తప్పు తేదీకి ఒక్క మెసేజ్ కూడా పోకూడదు, ప్రతి ఇంటితో సరిచూస్తున్నాం. తర్వాతి యిజ్‌కోర్ పస్కా ఎనిమిదో రోజు. ఎన్‌కోడర్ పెట్టె వచ్చింది, వైరు లాగాలి.

కోడ్_కామేశం
క్యాసెట్లు టేపు సాగిపోకముందే డిజిటల్ చెయ్యి అన్నా. ప్లేయర్ హెడ్ ముందు శుభ్రం చెయ్యి, లేకపోతే టేపు నమిలేస్తుంది. ఎన్ని ఉన్నాయి?

రఘు_పెన్సిల్వేనియా
అరవై నాలుగు.

జగిత్యాల_లక్ష్మి_హైఫా
ఒకటి నాకు పంపు తమ్ముడూ, మా సవ్తాకు వినిపిస్త.